పిడికెడు బియ్యం, ఊరంత పందిరి

మా అమ్మమ్మగారిది కృష్ణా జిల్లాలో ఓ పల్లెటూరు. చిన్నప్పుడు సంక్రాంతి సెలవులంటే మాకు అక్కడే. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెల పాకం, హరిదాసు... ఇవన్నీ మా వీధి సంబరాలు. ఆ ఊళ్లోనే చెరువుగట్టు దాటాక, విసిరేసినట్టున్న పేటలో ఇంకో పండుగ జరిగేది. మన పండుగ వెళ్లీ వెళ్లగానే వచ్చే ఆదివారం. దాన్ని వాళ్లు కోతపండుగ అనేవాళ్లు.

అమ్మమ్మ వాళ్లింటికి నాట్లకూ కోతలకూ వచ్చే ఒకావిడ ఓ ఏడు నన్ను చూడ్డానికి రమ్మంది. నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో చెప్పకుండా ఆవిడ కొంగు పట్టుకుని వెళ్లిపోయాను. చిన్న చర్చి ముందు తాటాకు పందిరి, రంగు కాగితాల తోరణాలు, మామిడాకులు. లోపల బల్ల చుట్టూ వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, గంపలో కోడిగుడ్లు, కాళ్లకు తాళ్లు కట్టిన కోళ్లు, ఓ మేకపిల్ల. ప్రార్థన నడుస్తుంటే ఆ మేకపిల్ల అరుపులు! ప్రార్థన అయ్యాక అన్నీ వేలం వేశారు. ఓ గుమ్మడికాయను పాడుకున్నాయన దాన్ని మళ్లీ చర్చికే ఇచ్చేశాడు. మళ్లీ వేలం. అలా ఒక్క గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోయింది. అంత సరదా వేలం నేను మళ్లీ చూడలేదు.

మా ఆవిడ తెచ్చింది మాత్రం చిన్న రేకు డబ్బాలో బియ్యం. రోజూ ఎసట్లో పోసే ముందు ఓ పిడికెడు తీసి అందులో వేస్తుందట. 

తరవాత విస్తళ్లు వేశారు. నాకు ఆకలి దంచేస్తోంది. అందరికీ వడ్డించిన ఆవిడ నా దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. నన్ను పక్కకు తీసుకెళ్లి ఒక అరటిపండు చేతిలో పెట్టింది. తొక్క ఉన్న పండు కదా, మైల ఉండదని ఆవిడకు తెలుసు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇంటికొచ్చాక అమ్మమ్మ నన్నేమీ అనలేదు. నూతి దగ్గర కూర్చోబెట్టి నాలుగు బొక్కెనల నీళ్లు నెత్తిన పోసింది, అంతే.

పెళ్లయి, పిల్లలు పుట్టి, కథలు రాసుకోవడం మొదలుపెట్టాక, ఆ అరటిపండు మీద ఓ కథ రాద్దామని కూర్చున్నాను. రాయడానికి ఆ పండుగ గురించి నాకేం తెలుసని? తెలుసుకుందామని లైబ్రరీకి వెళ్తే, ఏ పుస్తకం తీసినా ఒక పేరే ఎదురైంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. దోర్నకల్ బిషప్పు. చర్చిలకు వెళ్లేవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. మిగతా మనకే, రైలు దోర్నకల్ జంక్షన్‌లో ఆగినప్పుడు టీ తాగడం తప్ప ఆ ఊరి గురించి ఇంకేమీ తెలియదు.

ఆయన తెలుగువాడు కాడు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ పల్లె చర్చి పాదిరి. పిల్లవాడు పెద్దవాడు కాకముందే తండ్రి పోయారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారుగానీ డిగ్రీ చేతికి రాలేదు. వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శి ఉద్యోగం దొరికింది. దక్షిణాదంతా తిరగడం, ఇంగ్లీషులో ఉపన్యాసాలు, నలుగురిలో పేరు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్లయింది. దక్షిణాదిన కాలేజీ చదువుకు వెళ్లిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆవిడ ఒకరు. ఈవిడ సంగతి మళ్లీ చెప్తాను, మరిచిపోకండి.

మన దేశంలో క్రైస్తవ ప్రచారమంటే తెల్లవాళ్లు వచ్చి చేసేదేనా, మనవాళ్లే మనవాళ్ల డబ్బుతో చేసుకోలేరా అన్నది అజరయ్య పట్టుదల. 1903లో తిరునెల్వేలిలో మిత్రులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. చుట్టూ అడవులు, బొగ్గు గనులవైపు చీలిపోయే రైలు పట్టాలు. పంపిద్దామంటే ఎవరినో పంపడం దేనికని, 1909లో ఉద్యోగం వదిలి తనే భార్యాబిడ్డలతో వచ్చేశారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. మనం ముప్ఫై దాటాక కొత్త వంట నేర్చుకోవాలంటేనే బద్ధకిస్తాం, ఆయన కొత్త భాష నేర్చుకుని పల్లెటూరి వాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడారు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వేదిక ముందున్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే. అక్కడ నిలబడి అజరయ్య, తెల్ల మిషనరీలు తమతో పాటు పనిచేసే భారతీయుల్ని ఇంటికి భోజనానికి పిలవరనీ, స్నేహితులుగా చూడరనీ మొహం మీదే చెప్పేశారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ మాట చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి పేట గుర్తొచ్చింది. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవాలన్న లెక్క అన్ని చోట్లా ఉన్నదే కదూ!

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. అప్పటికి వయసు 38. భారతీయుడి కింద తెల్లవాళ్లు పనిచేయాలా అని గొణిగినవాళ్లు లేకపోలేదు. 

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయన దగ్గరకు వచ్చిన జనం ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వరు, గుడి మెట్లెక్కనివ్వరు. ఊళ్లో జాతర జరిగితే మాదిగలు డప్పు కొట్టాలి, దూరంగా నిలబడాలి. పండుగ చేసేది వాళ్ల రెక్కలే, పండుగ మాత్రం వాళ్లది కాదు. అలాంటి మనుషులు ఊళ్లకు ఊళ్లు చర్చిలో చేరుతుంటే, వాళ్లకు ఆదివారం ప్రసంగం ఒక్కటే చాలదని అజరయ్యకు అర్థమైంది. పాత జాతర మానేసిన చోట ఖాళీ మిగిలితే మనిషి నిలవడు. అందుకే కలుసుకోవడానికి, పాడుకోవడానికి, కలిసి తినడానికి సందర్భాలు కావాలనుకున్నారు.

మొదటిది సాయంత్రం ప్రార్థన. కూలికి వెళ్లేవాళ్లకు పొద్దున తీరికెక్కడిది? చీకటి పడి, గంజి తాగాక, పల్లెలో ఉండే ఉపదేశి గంట కొడితే అందరూ దీపం చుట్టూ చేరేవాళ్లు. చదువు రానివాళ్లు కాబట్టి వాక్యాలూ కీర్తనలూ నోటితోనే వల్లె వేయించడం. చర్చి ఆరాధనలో ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథం తెలుగులోకి దిగిన క్రమం అలాగే ఉంచారుగానీ, పాట దగ్గరికొచ్చేసరికి తాళాలు, మన రాగాలు, తెలుగు కీర్తనలు. పల్లెటూరి గొంతుకు ఇంగ్లీషు బాణీలు అతకవని ఆయన గ్రహించారు.

బిషప్పుగారు వస్తున్నారంటే అదే ఒక పండుగ. ఎద్దుబండి మీద రోజుల తరబడి పర్యటనలు, తోటల్లో డేరాలు. పొలిమేరలో డప్పులతో, పూలదండలతో ఎదుర్కొని పేటలోకి తీసుకెళ్లేవాళ్లు. ఎవరి పెళ్లి ఊరేగింపుకో తప్ప మోగించడానికి హక్కులేని డప్పును తమ ఇంటికొచ్చే చుట్టం కోసం మోగించుకోవడం ఎలాంటిదో ఆలోచించండి. ఆయన్ని వాళ్లు తండ్రిగారు అని పిలిచేవాళ్లు. వచ్చిన తండ్రిగారు ప్రసంగం చేసి ఊరుకునే రకం కాదు. పిల్లల్నీ ముసలివాళ్లనూ నిలబెట్టి ప్రశ్నలడిగేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల్ని వదిలించుకున్నారా లేదా అని ఆరా తీసేవారు. ఈ నాలుగింట్లో ఏది వదిలినా ముందు ఊపిరి పీల్చుకునేది ఆ ఇంటి ఆడదే అని నేను వేరే చెప్పాలా?

బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత ఆయన ఒక పని చేయించేవారు. ఎవరి చెయ్యి వాళ్ల తలమీద పెట్టుకుని, తాను తెలుసుకున్న సువార్తను ఇంకొకరికి చెప్పకపోతే తనకు శ్రమేనని పలకాలి. ఆడవాళ్లూ పలకాలి. ఏటా ఒక వారం అచ్చంగా ఆ పనికే కేటాయించి, కూలి జనం గుంపులుగా పక్క ఊళ్లకు వెళ్లేవాళ్లు. ఆ మతం మాటలు మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. నాకు ఆశ్చర్యమనిపించింది వేరే. పెద్దల ముందు తల ఎత్తడానికే భయపడే మనిషి పరాయి ఊరి నడిబజార్లో నిలబడి నోరు విప్పడం! 

ఇంతకీ కోతపండుగ. ఇది అజరయ్యగారు కనిపెట్టింది కాదు, అంతకు ముందూ ఉంది. కానీ తమ చర్చిని తామే పోషించుకోవాలన్న ఆయన పట్టుదలతో ఈ పండుగకు కొత్త బలం వచ్చింది. ఉపదేశికి జీతం, గుడిసె చర్చికి తాటాకు... ప్రతిదానికీ సీమ నుంచి డబ్బు రావాలంటే ఆ చర్చి ఎప్పటికీ తమది కాదన్నది ఆయన వాదన. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. పొలం లేనివాడు కోడిని తెస్తాడు, కోడి లేనివాడు గుడ్డు, అదీ లేనివాడు ఒకరోజు కూలి. ఇక ఇల్లాళ్లది పిడికెడు బియ్యం.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. రెండు పూటలా వండే దాన్ని కాబట్టి చెప్తున్నాను. నిండు డబ్బాలోంచి పిడికెడు తీస్తే కనిపించదు. అయిదుగురికి సోలెడు గింజలే ఉన్న ఇంట్లో పిడికెడు తీస్తే ఆ పూట ఎవరో ఒకరికి తగ్గుతుంది. ఎవరికి తగ్గుతుందో కూడా మనకు తెలుసు. ఆఖర్న తినే మనిషికి. అంత లేనివాళ్ల దగ్గర తీసుకోవడం న్యాయమేనా అని చాలా రోజులు నాకు మనసొప్పలేదు. తర్వాత మా ఆవిడ ఆ రేకు డబ్బాను బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగినప్పటి మొహం గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆవిడ చెయ్యి ఎప్పుడూ చాచి ఉండేది, మేం పైనుంచి పోసేవాళ్లం. పెట్టే చెయ్యిగా నేను చూసింది అక్కడ ఒక్కచోటే. అయినా నా పేచీ పూర్తిగా తీరిందని చెప్పను.

అన్బుగారి సంగతి చెప్తానన్నాను కదా. దోర్నకల్‌లో ఉపదేశులకూ పాదిరులకూ చదువు చెప్పే బడి పెట్టినప్పుడు, పెళ్లయిన విద్యార్థులు భార్యల్ని ఊళ్లో వదిలి రావడానికి వీల్లేదన్నారు. భార్యలూ రావాలి, వాళ్లూ చదవాలి. చిన్న ఇళ్లలో కాపురాలు, ఒళ్లొంచి పని, పక్కనే పాఠాలు. ఆ ఆడవాళ్ల చదువు బాధ్యత అన్బుగారిది. అక్షరాలు, ఆరోగ్యం, పిల్లల పెంపకం, బైబిలు. ఆ తరవాత వాళ్లు ఏ మారుమూల పల్లెకో వెళ్తే, ఆ పేటలో చదవడం వచ్చిన మొదటి ఆడమనిషి చాలాచోట్ల ఉపదేశి భార్యే. పురుడొస్తే ఆవిడ, ఉత్తరమొస్తే ఆవిడ. పిల్లల తల్లి అయివుండి, అన్బుగారు భర్తతో పాటు ఎద్దుబండి పర్యటనలకూ వెళ్లేవారు, తల్లుల సంఘం కూటాలు నడిపేవారు. ఇంతా చేసి పుస్తకాల్లో ఆవిడకు దక్కింది అక్కడో పేరా, ఇక్కడో వాక్యం. బిషప్పుగారి విగ్రహం పక్కన ఇంకో విగ్రహానికి చోటుండాలి అని నాకనిపిస్తుంది.

అన్నీ సవ్యంగా జరిగాయనుకోకండి. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు కూలి జనం దెబ్బలు తిన్న ఊళ్లున్నాయి. మా అమ్మమ్మగారి ఊళ్లో ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చర్చి లోపలా గొడవలే. మాలలు, మాదిగలు ఒకే గిన్నెలోంచి ప్రభువు రాత్రి భోజనం తీసుకోవాలంటే పడని ఊళ్లు ఎన్నో. పందిరి వేసి పక్కపక్కన కూర్చోబెట్టి ప్రేమవిందు పెడితే ఆ పూటకు కూర్చుంటారు, మర్నాడు ఎవరి బావి వారిదే. అజరయ్య జీవితమంతా దీనితో పోరాడారు. పూర్తిగా గెలిచారని నేను చెప్పలేను. చర్చిలో కులం ఇవాళ్టికీ పోలేదని అక్కడివాళ్లే చెప్తారు.

బయట గాంధీగారితో పేచీ. 1930లలో ఊళ్లకు ఊళ్లు మతం మారడాన్ని గాంధీగారు గట్టిగా తప్పుపట్టారు. మారే హక్కు ఆ మనుషులకు ఉందని అజరయ్య అంతే గట్టిగా నిలబడ్డారు. అలాగని క్రైస్తవులకు వేరే ఓట్లూ వేరే సీట్లూ కావాలని ఆయన అడగలేదు. 1932 కమ్యూనల్ అవార్డులో అవి ఇస్తామన్నా వద్దన్నారు. నలుగురిలో కలిసి ఉండాల్సినవాళ్లు గిరిగీసుకుని కూర్చోకూడదన్నది ఆయన పట్టు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

దోర్నకల్‌లో కట్టిన ఎపిఫనీ కథెడ్రల్ ఆ పట్టుకు గుర్తులా కనిపిస్తుంది. 1914లో మొదలుపెడితే పూర్తయ్యేసరికి పాతికేళ్లు. మన ఇల్లు కట్టుకోవడం గుర్తు తెచ్చుకోండి, డబ్బున్నప్పుడు ఓ గోడ, లేనప్పుడు ఆగిపోవడం. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుచేస్తాయి. లోపలి స్తంభాలు గుడి మండపంలా ఉంటాయి, వాటి మీద తామరలు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. అప్పటికి ఆయన డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. పాదిరుల్లో దాదాపు అందరూ మన దేశస్థులే.

వేర్వేరు మిషన్ల చర్చిలు ఒక్కటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నాటినుంచి ఆయన తిరగని ఊరు లేదు. ఆ కల పండి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. చూడటానికి ఆయన లేరు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. తమిళదేశంలో పుట్టిన మనిషిని పాతికేళ్లు కష్టపడి కట్టించిన కథెడ్రల్ పక్కనే, తెలుగు నేలలో సమాధి చేశారు.

నా కథ ఎలా అయిందంటారా? ఇంకా పూర్తి కాలేదు. కానీ కిందటి జనవరిలో ఓ పని చేశాను. అమ్మమ్మ లేదు, ఆ ఇల్లూ అమ్మేశారు. అయినా కోతపండుగ ఆదివారం ఎప్పుడో కనుక్కుని వెళ్లాను. తాటాకు పందిరి పోయి షామియానా వచ్చింది, మైకు పెట్టారు, చర్చికి సిమెంటు కప్పు పడింది. బల్ల చుట్టూ గుమ్మడికాయలు అలాగే ఉన్నాయి. మా ఆవిడ పోయి ఎనిమిదేళ్లయిందట. కోడలు నన్ను గుర్తుపట్టలేదు. ఫలానావారి మనవరాలినని చెప్పాక మర్యాదగా కుర్చీ వేయబోయింది. వద్దని పంక్తిలో కూర్చున్నాను.

వేలంలో ఓ సొరకాయ పాడుకుని మళ్లీ చర్చికే ఇచ్చేశాను. ఆ తరవాత వడ్డన. కోడలు అన్నం బేసిన్‌తో వరసగా వస్తూ నా విస్తరి ముందుకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. అత్తగారి అలవాటే వచ్చిందో, నాకే అలా అనిపించిందో. విస్తరి కాస్త ముందుకు జరిపాను. వడ్డించింది. కూరలో కారం మండిపోతోంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండోసారి అన్నం, మూడుసార్లు మజ్జిగ పోయించుకున్నాను.